మూడో ట్యాంకు, పద్నాలుగు నిమిషాలు

మార్చి 2, సోమవారం

ఒకటో ట్యాంకులో ద్రవ నైట్రోజన్ 34 సెంటీమీటర్లు. రెండు 36. మూడు 31. మూడింటినీ 52 వరకు నింపాను. మూడో దాని మూత తొమ్మిది నిమిషాలు తెరిచి ఉంది. ఇవన్నీ ల్యాబు పుస్తకంలో రాశాను. అక్కడ రాయలేనివి ఈ పుస్తకంలో రాస్తాను.

పదింటికి ప్రభుత్వం నుంచి ఆర్డరు వచ్చింది. స్టెమ్ సెల్స్ మీద కొత్త చట్టం తేలేదాకా పరిశోధన ఆపాలి. ట్యాంకుల్లోంచి కణాలు దాచిన ఒక్క చిన్న సీసా, ఒక్క వయల్ కూడా బయటికి పోకూడదు. నైట్రోజన్ నింపడం మాత్రం ఆపకూడదట. అందుకని నన్ను ఉంచి, మిగతా పద్దెనిమిది మందిని ఇంటికి పంపారు.

మూడో ట్యాంకులో నా భార్య కణాలున్నాయి. మూడేళ్ల కిందట ఆమె పనిచేసే లాండ్రీలో మందునీళ్లు పొంగి కళ్లలో పడ్డాయి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడి కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. కుడి కంటి అంచున మిగిలిన మంచి భాగంలోంచి గోరంత తీసి, పెంచి, గడ్డకట్టించి దాచారు. దాన్ని ఎడమ కంటికి వేస్తారు. ఆపరేషన్ ఈ నెల పంతొమ్మిదిన అన్నారు.

ఇంటికి వచ్చి చెప్పలేదు. పంతొమ్మిదికి ఇంకా ఎన్ని రోజులని ఆమే అడిగింది. పదిహేడు అన్నాను. లెక్క సరైనదే.

మార్చి 3

సాయంత్రం బావమరిది వచ్చాడు. అతను నగరం కెమెరాల కంట్రోల్ రూములో షిఫ్టు ఇన్‌చార్జి. ఎదురుగా గోడ నిండా నాలుగొందల బొమ్మలు కదులుతుంటాయి. వాళ్లక్క అతన్ని నాలుగొందల కళ్లోడా అని పిలుస్తుంది. ఆర్డరు సంగతి అతనే బయటపెట్టాడు, ఇక పిండాల్ని చంపే పరిశోధనలు ఆగుతాయని, శుభవార్తలాగా.

అయితే నా ఆపరేషన్ లేనట్టేనా అని ఆమె అడిగింది. తమ్ముణ్ని కాదు, నన్ను. నేను గ్లాసు కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

అప్పుడు తమ్ముడి మీద పడింది. నా కంటి అంచున గోరంత గీకారు, అందులో ఏ పిండం చచ్చిపోయిందిరా అంది. అక్కా నీ సంగతి వేరు, ఇవాళ నీ కన్నంటారు, రేపు పిండాల్ని పెంచి కోస్తారు, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా, చట్టం ఒక్కొక్కరి కన్నూ చూసి రాయదు అన్నాడు. ఓహో, చట్టానికీ నాలాగే చూపు ఆనదన్నమాట, ముందు దానికి చేయించండ్రా ఆపరేషన్ అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

కెమెరాల విషయంలో మాత్రం అక్కాతమ్ముళ్లది ఒకటే మాట. పోయినేడాది ఆమె సంచి లాక్కుపోయినవాణ్ని గంటలో పట్టించినవి ఆ కెమెరాలే. తప్పు చేయనివాడికి భయమెందుకు అని ఇద్దరూ అన్నారు. నాకూ అలాగే అనిపించింది. నన్నెవరూ అడగలేదు.

మార్చి 5, గురువారం

ట్యాంకుల గదిలో కెమెరా బిగించారు. ఆర్డరు అమలు చూడటానికి ప్రభుత్వం పంపిన ఆఫీసరు దగ్గరుండి చూసుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. ఏం చదివారండీ అని అడిగాడు. ఏడో తరగతి, ఆ తర్వాత పాడైన ఫ్రిజ్‌లు విప్పి నేర్చుకున్నాను అన్నాను. లెవెల్ ఎలా కొలుస్తారో చూపించమన్నాడు. కర్రను లోపల ముంచి, తీసి, గాలిలో ఊపాను. మంచు పట్టిన చోట గీత తేలింది. చిన్నపిల్లాడిలా ఇంకోసారి అన్నాడు. మళ్లీ ఊపాను.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. ఇవాళ నోరు ఆగలేదు. పదకొండేళ్లలో ల్యాబు పుస్తకాల్లో ఒక్క తప్పుడు అంకె లేదు సార్, అంకెలు చూస్తే చాలు, ఈ గదిలో ఆ రోజు ఏం జరిగిందో తెలిసిపోతుంది అన్నాను. అతను కుర్చీ లాక్కుని పుస్తకం మొత్తం తిరగేశాడు. మీలాంటివాళ్లుంటే మాకు కెమెరాలు దండగండీ అన్నాడు.

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే తలుచుకున్నాను. సిగ్గుగా ఉంది రాయడానికి.

మార్చి 6

కెమెరా కింద నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మార్చి 9, సోమవారం

ట్యాంకులు నింపాను. మూడో దాని మూత తొమ్మిది నిమిషాలు.

మా ల్యాబు నడిపే డాక్టరమ్మ తన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చింది. నన్ను కంప్రెసర్ పక్కకు పిలిచింది. ఆ చప్పుడులో మాటలు వినపడవని. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు చేతకాదు, పాపం. చెవిలో అరిచినట్టుంది.

వైద్యం కోసం వచ్చిన వాళ్లందరి మొహాలూ గేటు కెమెరాలోంచి తీసి జాబితా చేశారట. నిషేధం ప్రభుత్వంతో వస్తుంది, ప్రభుత్వంతో పోతుంది, కెమెరా ఒకసారి వస్తే పోదు అంది. సంచి దొంగ సంగతి చెప్పాను. ఆ దొంగ దొరికాడు కాబట్టి మన రోగులు కూడా దొరకాలా అంది.

నా భార్య కన్ను ఎంతకాలం ఆగుతుందని అడిగాను. వయల్ ఇరవై ఏళ్లయినా ఆగుతుంది, కన్ను ఆగదు అంది. ఎడమ కంటి మీది పొర లోపలికి పాకుతోందట. ఇంకో నెల దాటితే వేసినా పట్టదట. సరిహద్దు దాటితే ఈ ఆర్డరు చెల్లదు, అక్కడ తనతో చదువుకున్న కంటి డాక్టరు ఉన్నాడు, చేస్తాడు అంది. తర్వాత కంప్రెసర్ వైపు తిరిగింది. నేను మీకేమీ చెప్పలేదు, మీరు నన్నేమీ అడగలేదు అంది. పుస్తకాల పెట్టె ఎత్తుకుంటూ, నాలుగో ర్యాకు, పై నుంచి రెండో డబ్బా, చివరి వరసలో మూడోది అంది. వెళ్లిపోయింది.

మార్చి 11

గడ్డం గీసుకున్నానో లేదో చూడటానికి నా భార్య రోజూ నా బుగ్గ తడుముతుంది. ఇవాళ చెయ్యి అక్కడే ఆగింది. దవడ బిగబట్టారేంటి, ఏం దాస్తున్నారు అంది. పన్ను నొప్పి అన్నాను. ఏ పన్ను అంది.

మార్చి 12, గురువారం, సాయంత్రం 6 గంటలు

తీశాను.

నింపేటప్పుడు ట్యాంకు మూతి నుంచి తెల్లటి ఆవిరి పొంగుతుంది. కెమెరాకు నా వీపూ ఆ తెలుపూ తప్ప ఏమీ కనిపించవు. సోమవారం నింపినప్పటి బొమ్మను నిన్న కెమెరా తెర మీద చూసుకున్నాను. చిన్న క్యానులో ముందే నైట్రోజన్ పోసి క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను. నింపే పైపు ట్యాంకు లోపల పెట్టి నాలుగో ర్యాకు పట్టుకున్నాను.

ర్యాకు పైకి లాగి, డబ్బా తీసి, వయల్ పీకితే ఒక్క నిమిషం పని. కానీ ఆ డబ్బాలో ఇంకా ఎనభై మందివి ఉన్నాయి. పైకి తీసిన ప్రతి సెకనూ వాటికి వేడి తగులుతుంది. అందుకని ఎనిమిది అంకెలు లెక్కపెట్టి మళ్లీ ముంచాను. చల్లబడనిచ్చి మళ్లీ లాగాను. మళ్లీ ఎనిమిది. నాలుగోసారికి గాని చివరి వరస అందలేదు. గ్లౌజులో వేళ్లు మొద్దుబారాయి. ఒకచోట ఎనిమిది అయ్యాక తొమ్మిది కూడా అన్నాను. ఆ తొమ్మిది ఎవరి కంటికి ఏం చేసిందో తెలియదు.

క్యాను మూత బిగించకూడదు, బిగిస్తే పేలుతుంది. వదులుగా పెట్టి వెనక గేటు నుంచి వచ్చేశాను. ఇప్పుడు క్యాను మంచం కింద ఉంది. పక్క గదిలో ఆమె పాత పాటేదో పాడుకుంటోంది.

మార్చి 13

ల్యాబు పుస్తకంలో నిన్న మూడో ట్యాంకు మూత పద్నాలుగు నిమిషాలు తెరిచి ఉందని రాశాను. తొమ్మిది అని రాద్దామని పెన్ను పెట్టాను. చెయ్యి కదలలేదు.

మార్చి 14, శనివారం

తెల్లవారగానే బస్సులో సరిహద్దు దాటాం. దారిలో ఆమెకు అంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. సంతోషమో భయమో తెలియలేదు. ఆ ట్యాంకులో ఇంకా ఎంతమందివి ఉన్నాయి అని అడిగింది. రెండొందల పదకొండు అన్నాను.

అక్కడి డాక్టరు క్యాను తీసుకున్నాడు. కణాల్ని కరిగించి, మళ్లీ పెంచి, పలచటి పొర మీద పరవాలట. ఇరవై మూడున ఉదయం ఎనిమిదింటికి రమ్మన్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు అంది: వాళ్లలో ఎవరి మొగుడికో మీ ఉద్యోగం ఉంటే తన భార్యదే తీసేవాడు, నా వయల్ అక్కడే ఉండేది కదండీ.

మార్చి 20, శుక్రవారం

ఆఫీసరు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ల పుస్తకాలూ తెప్పించాడు. నింపిన ప్రతిసారీ మూడో ట్యాంకు ఎనిమిది లేదా తొమ్మిది నిమిషాలు, పన్నెండో తేదీన పద్నాలుగు అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. మీరే చెప్పారు కదండీ అంకెలే చెబుతాయని, ఈ అయిదు నిమిషాలు ఏం చెబుతున్నాయి అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

సోమవారం మధ్యాహ్నానికల్లా రాసి ఇమ్మన్నాడు. ఈలోపు వీధి కెమెరాల్లో ఆ రోజుది అడుగుతానన్నాడు. ఎవర్ని అడుగుతాడో నాకు తెలుసు.

మార్చి 22, ఆదివారం

బావమరిది వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. బావా, సాయంత్రం ఇంటికెళ్లే మనిషి క్యారేజీలోంచి పొగలు రావడం నేనెప్పుడూ చూడలేదు, మా అక్క అంత వేడిగా ఎప్పుడు వండిందని అన్నాడు. నవ్వబోయాడు. కుదరలేదు. కూర్చున్నాడు.

ఆ రోజు ఫుటేజీ అయిదుసార్లు చూశాడట. మొదటిసారి నేనని గుర్తుపట్టలేదట. మెడ వంచుకుని నడుస్తున్నావు బావా, నువ్వెప్పుడూ అలా నడవవు అన్నాడు.

ఆమె చెరిపెయ్యరా అనలేదు. నేనూ అనలేదు. అతనే అన్నాడు, చెరపను, అబద్ధం చెప్పను, మీరు చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. అను, ఎవరొద్దన్నారు, కాఫీ తాగి అను అంది ఆమె. అతను కాఫీ తాగాడు. కప్పు కింద పెట్టి, రేపు నాకు సెలవు, అక్కని నేను తీసుకెళ్తాను, బావ రాతపని చూసుకోవాలి కదా, ఫుటేజీ మంగళవారం పదింటికి ఇస్తాను అన్నాడు.

వాళ్లక్క లేచి, తడుముకుంటూ వెళ్లి, అతని నెత్తి మీద ఒక్కటి వేసింది. చెయ్యి అక్కడే ఉంచింది.

మార్చి 23, సోమవారం

ఉదయం మూడు ట్యాంకులూ నింపాను. మూడో దాని మూత తొమ్మిది నిమిషాలు. ఎనిమిదింటికి ఆమెను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారని బావమరిది ఫోన్ చేశాడు. పదకొండున్నరకి బయటికి తెచ్చారని చేశాడు. అప్పుడు రాయడం మొదలుపెట్టాను.

ఒక వయల్ తీశాను, అది నా భార్యది, మిగతావాటికి వేడి తగలకూడదని నాలుగుసార్లు ముంచాను, అందుకే అయిదు నిమిషాలు ఎక్కువైంది అని రాశాను. ఎక్కడుందో ఎవరు చెప్పారని ఆఫీసరు అడిగాడు. ఆ గదిలో పదకొండేళ్లుగా ఉన్నాను సార్ అన్నాను. డాక్టరమ్మ గురించి ఒక్క ముక్క రాయలేదు. మొదటిసారి ఒక కాగితంలో ఖాళీ వదిలాను.

అతను రెండుసార్లు చదివాడు. తొమ్మిది అని రాసుంటే నేను చూసేవాణ్నే కాదు అన్నాడు. తాళాలు అడిగాడు. ఇచ్చాను.

మార్చి 24

బావమరిది పదింటికి ఫుటేజీ ఇచ్చేశాడట. చెప్పిన టైముకే.

మార్చి 29, ఆదివారం

కట్టు విప్పారు. కన్ను ఎర్రగా ఉంది. కిటికీ ఎటుందో చెప్పింది. వేళ్లు ఎన్ని అంటే రెండు అంది. మూడు చూపించారు. ఆరు వారాలు ఆగితే గాని చెప్పలేమన్నాడు డాక్టరు. ఆమె మాత్రం రెండు అన్నా తప్పేం లేదు, ముందు వేళ్లని తెలిసింది కదా అంది.

నా మీద కేసు రాశారు. బావమరిది ఫోన్ చేశాడు. కెమెరాలతో పాటు తెచ్చిన కొత్త నిఘా చట్టం కింద రేపోమాపో ఇల్లు సోదా చేస్తారట. ఫోన్లు, పుస్తకాలు, చేత్తో రాసిన కాగితం ప్రతిదీ తీసుకెళ్తారట. ఇంట్లో డైరీ లాంటిదేమైనా ఉంటే ఇప్పుడే పొయ్యిలో పడెయ్ బావా అన్నాడు. నేను లేదు అనలేదు, ఉంది అనలేదు. అతనికి తెలుసు.

దీంట్లో డాక్టరమ్మ ఉంది. మార్చి తొమ్మిది పేజీ చింపాలి.

మార్చి 31, మంగళవారం

తొమ్మిదో తేదీ చింపి పొయ్యి పక్కన పెట్టాను, ఇది రాయడం అవ్వగానే కాలుస్తాను. అయిదు, పన్నెండు, ఇరవై తేదీలు అలాగే ఉంచాను. ఇరవై మూడున, ఇరవై తొమ్మిదిన డాక్టరమ్మ గురించి రాసిన వాక్యాలు, ఈ వాక్యం కూడా కొట్టెయ్యాలి. కొట్టెయ్యలేకపోతున్నాను.

ఇది చదువుతున్నవారికి. ఆ గదికి కొత్తగా ఎవర్ని పెట్టారో తెలియదు. నిన్న సోమవారం. మూడో ట్యాంకు నింపారా? సోమవారం, గురువారం తప్పకూడదు. కర్ర మీద గీత పదిహేను దాటి కిందికి దిగితే పై డబ్బాలు పోతాయి. మూత తొమ్మిది నిమిషాలకు మించనివ్వకండి. రెండొందల పదకొండు మంది ఉన్నారు.