రెండు గోడల అవతల పెళ్లికొడుకు

ఇర్ఫాన్ అన్నా,

నేను పులివెందుల పోతున్నాను. షాపతను వస్తే వాడి చూడమని అతనిచ్చిన, బల్లమీది రెండు వైర్‌లెస్ వీడియో సెట్లలో చిన్నది తిరిగి ఇచ్చెయ్. పెద్దది ఉంచుకుందాం.

నిన్న జమ్మలమడుగు నిఖాలో నువ్వు కింద కెమెరాతో ఉన్నావు, పైన జరిగింది చూడలేదు. చెప్పబోతే నిద్రపోయావు. ఆడవాళ్ల గదిలో టీవీకి చిన్నది తగిలిస్తే బొమ్మ ఆగి ఆగి వచ్చింది. పెద్దది పెట్టగానే రెండు గోడలు దాటి పెళ్లికొడుకు ముఖం తేటగా కనిపించింది.

మెట్లు దిగలేని పెళ్లికూతురి నాయనమ్మ ఖాజాబీ టీవీ దగ్గరికి జరిగింది. "తీగ గూడా లేదే, ఈడికెట్లొచ్చినాడమ్మా?" అని నన్నడిగింది. అతను "ఖుబూల్" అని పెళ్లికి ఒప్పుకోవడం ఆమె అక్కడే కూర్చుని చూసింది.

రిహానా

ఇంకో మాట. ఆ కెమెరా ఎవరిదని ఆమె అడిగితే నీ పేరు చెప్పాను. ఆమె అల్లాను వేడుకున్న దువాలో నీ పేరు కూడా వినపడింది.