బంక పూసే ముందు

ఓబులేసు చిన్నాయనకు,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి ఐదు నెలలు నిండాయి. మన ఊరి పోస్టాఫీసులో నీ కుర్చీలో ఇప్పుడు పక్క ఊరి అమ్మాయి కూర్చుంటోంది. మంచి పిల్లే. కానీ ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతుంది... చదివి వినిపించడం, జవాబు రాసిపెట్టడం, దారిలో ఇంకెవరిదో తగవు తీర్చి రావడం ఆమెకెవరు నేర్పుతారు?

నువ్వు లేకపోయినా అర్జీలు రాయడానికి జనానికి ఎవరో ఒకరు కావాలి కదా. నా దగ్గరికి వచ్చారు. నవ్వుతున్నావు కదూ?

ఈ ఏడు వాన విత్తనం వేసేంత పడి మొహం చాటేసింది. పంచాయతీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తోంది గానీ, చివరి వీధి బిందెలు మాత్రం ఖాళీ అన్నారు. అంతే, నాకిక వేరే ఏమీ వినాలనిపించలేదు. కరపత్రాల్లో చదివిందంతా చేతిలోకి దిగింది. పెత్తనం, దోపిడీ, వివక్ష... మూడు పేజీలు నింపాను. నువ్వుంటే ఏమనేవాడివో తెలుసు. ఒకసారి నా అర్జీని అరచేతిలో తూచి అన్నావు కూడా. "ఇంత కోపం పెడితే బరువెక్కువైతాది రా అబ్బీ. ఇంకో స్టాంపు అంటించల్ల."

నీ పద్ధతి నాకు తెలియనిదా? ఎవరి అర్జీ అయినా సరే, వాళ్ల గడప ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించందే కవరుకు బంక పూసేవాడివి కాదు. ఎండ నడినెత్తిన ఉన్నా, టపా సంచి కట్టే వేళ మించుతున్నా. నాకు చిరాకు. రాత రానివాళ్లకు చదివేదేమిటి, పంపేద్దాం పద అనేవాణ్ణి. "అర్జీ వాళ్లది. మనది చెయ్యి మాత్రమే" అనేవాడివి, తువ్వాలు తలకు చుట్టుకుంటూ.

ఆ మూడు పేజీలూ నేను ఎవరికీ వినిపించలేదు చిన్నాయనా. బంక పూసి పంపేశాను.

మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. పదకొండు గంటలకు చివరి వీధిలో ట్యాంకరు నిలబడి ఉండటం కళ్లారా చూసి, ఫిర్యాదు అబద్ధమని రాసుకుపోయాడు. నేను ఆఫీసుకు వెళ్లి బల్ల గుద్దాను. బయటికి నెట్టారు. ఇంకో వారమంతా ఆడవాళ్లు కూలికి పోయివచ్చి, రెండు మైళ్ల అవతలి తోట బోరు నుంచి నీళ్లు మోశారు. చివరి వీధి మారెక్కవ్వ కూడా... ఆ వంగిన నడుముతో. నా వల్లే కదా?

అప్పుడు నకలు పట్టుకుని ఆ అవ్వ గడప ముందు కూర్చున్నాను. మూడు పేజీలూ ఓపిగ్గా వింది. "శానా బాగా రాసినావప్పా. బండి పదకొండుకొస్తాదని మాత్రం రాయలేదు. ఆ పొద్దుకు మేమంతా శెనక్కాయ చేన్లో ఉంటాం గదా, బిందెలెవరు పట్టల్ల?" అంది.

నా మూడు పేజీల్లో లేనిది ఆ ఒక్క మాటే.

అక్కడే కూర్చుని మళ్లీ రాశాను. నాలుగు వరుసలు, ఆమె చెప్పింది చెప్పినట్టు. చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. అప్పుడు పూశాను బంక. ఇప్పుడు ట్యాంకరు పొద్దున ఆరింటికి, పనికి పోకముందే వస్తోంది.

నా కోపం చల్లారిందనుకోకు. చివరి వీధికి కొళాయి ఎందుకు రాలేదని ఇంకో అర్జీ మొదలుపెట్టాను. దానికి రెండు స్టాంపులు పడతాయేమో...

మొన్న ఒక గంట వాన పడింది. చొక్కా విప్పి టపా సంచికి కప్పి, నువ్వు తడిసి ముద్దై వచ్చిన రోజు గుర్తొచ్చింది. వీధంతా నవ్వితే, "నేను ఆరతా. ఉత్తరం ఆరదు" అన్నావు.

ఈ ఉత్తరానికింకా బంక పూయలేదు. సాయంత్రం చిన్నమ్మకు చదివి వినిపించాలి. ఇప్పుడు చూసుకుంటే, ఇంత రాశాను గానీ ఇందులో ఆమె ఎక్కడుంది? నువ్వు ఊరందరి గడపల ముందు కూర్చున్నన్ని రోజులూ, సంగటి ముద్ద చల్లారకుండా పొయ్యి పక్కన పెట్టుకుని నీకోసం కూర్చున్న మనిషి...

ఆమె ఏం చెబుతుందో విని, అది కూడా రాశాకే మూస్తాను కవరు.

నీ గంగాధర