తాతయ్య రైఫిల్‌కి గుడ్డపట్టీ

తాతయ్యా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నాన్నా నేనూ డల్లాస్‌లో గన్‌షోకి వెళ్ళాం. పొద్దున్నుంచి తిరిగి తిరిగి కాళ్ళు పీకేశాయి.

నువ్వు బర్మా యుద్ధంలో మోసిన రకం రైఫిల్‌ని నాన్న ముచ్చటపడి కొంటే, నువ్వు దాన్ని భుజానికి తగిలించుకోనే లేదు. "దీనికి తోలుపట్టీ ఏమిట్రా? మాకిచ్చింది గుడ్డపట్టీ. ఇదెవరిదో!" అన్నావు. నీ మాట నిజమేనని కాలేజీ లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. అప్పటినుంచీ మా శనాదివారాలన్నీ ఈ వెతుకులాటకే పోయాయి.

"ఇంక నావల్ల కాదమ్మా, కార్‌లో వెయిట్ చేస్తా," అని నాన్న వెళ్ళిపోయాక, చిట్టచివరి బల్ల మీద కనిపించింది. ఖాకీ రంగు, గట్టి నేత, రెండు కొసలకీ ఇత్తడి బిళ్ళలు. ఆ కాలందే.

అమ్మే పెద్దాయన ఎవరికని అడిగాడు. ఆ యుద్ధంలో పోరాడిన మా తాతయ్యకని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. పట్టీని జాగ్రత్తగా చుట్టి నా చేతికిస్తూ, "ఒకసారి భుజానికి వేసుకుని చూడమను. పొడవు చాలకపోతే తీసుకురా, మార్చిస్తాను," అన్నాడు.

సరేనన్నాను. దారిలో నాన్నకి ఆ మాట చెప్పలేకపోయాను. నీకే చెబుతున్నాను.

నీ మనవరాలు