లాల్‌బాగ్‌లో ఆగిపోయిన మాట

ఆదివారం రాత్రి, బెంగళూరు లాడ్జి

మధ్యాహ్నమంతా లాల్‌బాగ్‌లోనే గడిపాం. రాజుల కాలం నాటి తోట. పెద్ద బూరుగు చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాక మా ఆయనకు లేవబుద్ధి కాలేదు. మణుగూరు బొగ్గుబాయిలో ఇన్నేళ్లు పనిచేసి మొన్ననే రిటైరైన మనిషి. పట్టపగలు ఇలా చెట్టు కింద ఖాళీగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

కొమ్మలకేసి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు. "బాయిల పైకప్పు కూలిన దినం, మల్లయ్యను అటు జరుగుమన్నది నేనే..."

ఈయనతో పాటు పనిచేసిన మల్లయ్యన్న ఆ రోజు బాయిలోనే పోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరెత్తితే చాలు, ఈయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అలాంటిది తనంతట తానే మొదలుపెడితే నేనేమన్నాను?

"జల్దీ లేవయ్యా, గాజు మేడ మూసేస్తరట."

"అవ్, పోదాం పా" అంటూ తువ్వాలు దులుపుకుని లేచాడు. గాజు మేడ ముందు తీయించుకున్న ఫొటోలో నవ్వాడు కూడా.

ఆయన అన్నదేమిటో లాడ్జికి వచ్చాక గానీ నా బుర్రకెక్కలేదు. అన్నం తిన్నాక అడిగాను. "మల్లయ్యన్న గురించి ఏందో చెప్పబోయినవ్?"

"ఏం లేదే. పండుకో, పొద్దున్నే రైలుంది."

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని ఊపిరిని బట్టే తెలుస్తోంది. ఇన్నేళ్లు ఒక్కడే ఎలా మోశాడో. ఆ గాజు మేడ చూడకపోతే నాకేం పోయేది?

లైటార్పి ఆయన పక్కన కూర్చుంటాను. నేనుగా ఏమీ అడగను. తానే నోరు విప్పితే మాత్రం, రైలు పోతే పోనీ...