అలసట కొలవడానికి వచ్చినావిడ

హామర్‌ఫెస్ట్,
ఫిబ్రవరి 9.

చెల్లి గున్‌వోర్‌కి అక్క దీవెనలు.

నేనూ నీ కూతురూ బాగానే ఉన్నాం. అక్కడ చికిత్స నీకు పడుతోందని, మళ్లీ ఆకలేస్తోందని రాశావు. సంతోషం.

తూవా పళ్ల సంగతి అడిగావు. ముందువి రెండూ ఊడాయి. రెండు నెలల చలికాలపు చీకటి తర్వాత సూర్యుడు తిరిగొచ్చిన రోజు బడిలో జామ్ బన్నులు పంచితే పక్క పళ్లతోనే నమిలి తినేసింది. నువ్వు పంపిన ఉన్ని టోపీ స్నానానికి తప్ప తీయడం లేదు.

పోయిన మంగళవారం మునిసిపాలిటీ నుంచి బోదిల్ అనే ఆవిడ వచ్చింది. పరాయి పిల్లల్నీ, బంధువుల పిల్లల్నీ పెంచేవాళ్లు ఎంత అలసిపోయారో కొలుస్తున్నారట. నిద్ర పడుతోందా, చిరాకు వస్తోందా, ఒంటరిగా అనిపిస్తోందా అని అడుగుతారు. మనం సున్నా నుంచి నాలుగు దాకా ఏదో అంకె చెప్పాలి. నేను అన్నింటికీ సున్నా అన్నాను.

బల్ల కింద బొమ్మలు గీసుకుంటున్న తూవా తల బయటపెట్టింది.

"అబద్ధం పెద్దమ్మా! నువ్వు కారులో ఏడుస్తావుగా. పాట పెద్దగా పెట్టుకుని మరీ."

"అది జలుబే."

"రోజూ జలుబేనా?"

బోదిల్ నవ్వలేదు. తూవాని కాసేపు పక్కింటికి పంపించి, "ఆస్లౌగ్ గారూ, ఇది పరీక్ష కాదు. పిల్లని తీసుకుపోవడానికీ రాలేదు నేను. మళ్లీ మొదలుపెడదామా?" అంది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అంకె బాగా పైకి పోయింది. నెలకోసారి శని, ఆదివారాలు తూవాని ఊరి బయట ఒక కుటుంబం దగ్గర ఉంచుతారట, నాకు కాస్త తెరిపి కోసం. వాళ్లకి కుక్కలున్నాయని వినగానే మీ అమ్మాయి సంచి సర్దేసుకుంది.

ఇక్కడిదాకా రాసి, లేచి కాఫీ పెట్టుకున్నాను. మిగతాది కూడా రాయాలి.

చివర్లో బోదిల్ అంకె అక్కర్లేని ప్రశ్న ఒకటి అడిగింది. "మీకు అన్నింటికన్నా భయం దేని గురించి?" నువ్వు మళ్లీ తాగుడులో పడతావేమోనని చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "మా చెల్లి పూర్తిగా కోలుకుని, పిల్లని తీసుకెళ్లిపోతుందేమోనని."

"ఈ సంగతి ఆవిడకి తెలుసా?" అంది.

తెలీదన్నాను. ఇప్పుడు తెలిసింది.

ఈస్టర్‌కి వచ్చి తూవాని చూడనా అని అడిగావు. రా. వెనక గది ఖాళీ చేశాను. నువ్వొస్తున్నావని తూవాకి చెప్పేశాను కూడా. ఇక మాట మార్చడానికి నాకు వీల్లేదు.

ఇట్లు,
నీ అక్క,
ఆస్లౌగ్