కాగ్నల గింగిరాలు

జూన్ 3, 1962. ఆదివారం

ఇయ్యాల్టి సంది నేను కొత్త మనిషిని!

పుట్టి నడుపుడు నేర్సుకుంట. గాలమేసి చేపలు పడ్త. వానలు ముదిరేలోపల కాగ్న నది దాటి, మా ఊరి ఒడ్డుకు నా పుట్టి నేనే నడుపుకుంట పోత. ఒక చేతిల తెడ్డు, ఒక చేతిల చేపల గంప. అమ్మకు చేపలంటె పానం. నాయిన తినడు. తినకున్నా సరే, చూస్తడు కద.

నాలుగేండ్లయింది నాయిన నాతోని మాట్లాడక. నేను గొర్ల మంద వదిలిపెట్టి తాండూరుల నాపరాళ్ళ డిపోల గుమాస్తాగ చేరిననాడు ఒక్కటే మాటన్నడు: "కలం పట్టినంక నీ చేతికి ఇంకేం పట్టరాదు బీరిగా." గంతే. ఆయన ఆ ఒడ్డున, నేను ఈ ఒడ్డున.

పట్టి చూపిస్త!

నా పెండ్లాం జంగమ్మకు చెప్పిన. పిండి పిసుక్కుంట తలెత్తకుండనే అడిగింది: "ఈత వస్తదా నీకు?"

పుట్టి ఉన్నది నీళ్ళల్ల పడకుండ ఉండెతందుకే కద. ఆడోళ్ళకు గీ సంగతి తెల్వది.

జూన్ 5. మంగళవారం

గాలం కొన్న. దారం కొన్న. వెదురు బొంగు నున్నగ చెక్కిన. మస్తుగున్నది. వాకిట్ల నిలబడి ఇసురుడు సాధన చేసిన.

మొదటిసారి: దండెం మీది జంగమ్మ చీర పడ్డది.

రెండోసారి: అదే చీర.

గురి కుదిరినట్టే.

జూన్ 10. ఆదివారం

కాగ్న ఒడ్డుకు పొద్దుగాలనే పోయిన. పుట్టి నడిపే చంద్రప్ప తెడ్డు కడుక్కుంట కూసున్నడు. బసవకల్యాణం దిక్కు నుంచి వచ్చిన మనిషి, సగం కన్నడం సగం తెలుగు. "బారప్పా, బా" అని చెయ్యూపి పిలిచిండు.

పుట్టి అంటె పెద్ద గంప. వెదురు బద్దలల్లి కింద తోలు కుట్టిన్రు. ఏ దిక్కు ముందో ఏ దిక్కు ఎనకో దానికే తెల్వది. ఒక కాలు లోపల పెట్టిన. అది నా కాలు తీస్కోని పోయింది. ఇంకో కాలు ఒడ్డునే ఉన్నది. పంచె చిరిగింది.

రెండోసారి ఎక్కిన. తెడ్డు వేసిన. గిర్రున తిరిగింది. ఇంకా గట్టిగ వేసిన. ఇంకా గిర్రున తిరిగింది. ఒడ్డున ఒక తుమ్మచెట్టున్నది. అది నన్ను ఎన్నిసార్లు చూసిందో, నేను దాన్ని ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు. చంద్రప్ప ఒడ్డున నవ్వుకుంట పొట్ట పట్టుకున్నడు.

"నీళ్ళను కొట్టకప్పా, దగ్గరికి లాక్కో" అన్నడు.

నీళ్ళను ఎట్ల లాక్కుంటరు? దోసిట్ల నిలబడవు అవి.

చేపలు: సున్న. పీత: ఒకటి. పీత గుడ నీళ్ళల్లదే కద. సురువు మంచిగనే అయింది!

జూన్ 17. ఆదివారం

వాన. పోలే. గింత వానల చేపలు గుడ బయటికి రావు.

పొద్దెక్కి లేచేసరికి జంగమ్మ మసాలా నూరి పెట్టింది. చింతపండు నానబెట్టింది. ఇంటెదురుగ ఉన్న చంద్రవ్వను అన్నానికి పిలిచింది! ఏం చెయ్యాలె? వెదురు బొంగు భుజాన పెట్టుకోని ఇంట్లకెళ్ళి బయటపడ్డ. బజారుకు పోయిన. జెల్ల చేపలు కొన్న. వచ్చేటప్పుడు పంచె అంచు బోరింగు కాడ తడుపుకున్న.

జంగమ్మ గంపల చెయ్యి పెట్టి చూసింది. "ఏమయ్యా, కాగ్నల చేపలు పొట్ట సాఫ్ చేపిచ్చుకోని వస్తున్నయా?"

"చంద్రప్ప చేసిచ్చిండు" అన్న.

"మంచోడు" అన్నది. నవ్విందో లేదో పొగల కనపడలే.

పులుసు మాత్రం బాగున్నది.

జూన్ 19. మంగళవారం

చంద్రవ్వ నోరు ఊరంత తిరిగింది. డిపోల శంకరప్ప రాళ్ళ కొలత ఆపి అడిగిండు: "పుట్టి నడుపుతవట? గంపెడు పట్టినవట?"

కాదందామనుకున్న. నోరు ఇట్లన్నది: "నీళ్ళను కొట్టొద్దు శంకరప్పా. దగ్గరికి లాక్కోవాలె."

అందరు తలలూపిన్రు. నేను మంచిగ చెప్త. చెప్పుడుల నాకు తిరుగు లేదు.

జూలై 1. ఆదివారం

పోయిన. పుట్టి ఎక్కలే, గాలి ఎక్కువున్నది. ఒడ్డునే కూసోని గాలమేసిన. కన్ను మలిగింది. లేచి చూసేసరికి బొంగు లేదు. దూరంగ నీళ్ళ మీద పోతున్నది. చేపే పట్టుకపోయింది నా బొంగును!

అంటె చేప పడ్డట్టే. ఒడ్డుకు రాలే, గంతే.

జూలై 8. ఆదివారం

జరం. పోలే.

జూలై 9. సోమవారం

జరం లేకుండె.

జూలై 15. ఆదివారం

సంకల్పం మనసుల ఉండాలె. కాళ్ళు చేతులు తర్వాత. జొన్నరొట్టె, పుంటికూర తిని పండుకున్న. కలల గుడ పుట్టి గిర్రున తిరిగింది. కలల గుడ ఆ తుమ్మచెట్టే.

జూలై 24. మంగళవారం

రెండ్రోజులు రాయలే. చేతులు లేస్తలెవ్వు. ఇప్పుడు కూసోని రాస్తున్న.

శనివారం సంది అనంతగిరి దిక్కు ఒకటే వాన. ఆదివారం పొద్దుగాల కాగ్న ఎర్రగ పొంగింది. శంకరప్ప ఉరుక్కుంట వచ్చిండు. "బీరన్నా, మీ నాయిన నది నడుమ దిబ్బ మీద చిక్కిండట! అవతలి ఒడ్డు నుంచి మీవోళ్ళు కేకలేస్తున్నరు."

లేచి నిలబడ్డ.

"నీకేం ఫికర్? నువ్వు నడుపుతవు కద" అన్నడు.

జంగమ్మ దిక్కు చూసిన. నా భుజం మీద తువ్వాల వేసింది, చెప్పులు తీసి పక్కకు పెట్టింది. "పో" అన్నది.

ఒడ్డు కాడ జనం. నన్ను చూసి దారిచ్చిన్రు. అది ఇంకా భయం. చంద్రప్ప పుట్టిని నెత్తి మీద పెట్టుకోని ఎగువకు నడుస్తున్నడు. పక్కకు పోయి చిన్నగ చెప్పిన: "చంద్రప్పా, నాకు రాదు."

"నాకు తెల్వదా?" అన్నడు. "నడుపుడు నేను చూస్కుంట. లోపలికొచ్చిన నీళ్ళు తోడెటోడు కావాలె. వస్తవా?"

రాను అందామనుకున్న. దిబ్బ మీద గొంగడి కప్పుకోని నిలబడ్డ మనిషి కనపడ్డడు. ఎక్కిన.

చంద్రప్ప ఎగువల దింపి ధార ఎంబడి వాలుగ పోనిచ్చిండు. పుట్టి ఊగుతున్నది, లేస్తున్నది, పడ్తున్నది. నీళ్ళు లోపలికి దుంకుతున్నయి. నా చేతిల డబ్బా. "కండ్లు మూస్కో గాని చెయ్యి ఆపకు!" అని ఒర్లిండు. కండ్లు మూస్కున్న. చెయ్యి ఆపలే.

దిబ్బ తాకింది.

నాయిన మందను ముందుగాల్నే దాటిచ్చిండట. గొర్రె ఒకటి ఈనుతుంటె కదలకపోయింది, దానితోని ఆగిపోయిండు. గొంగట్ల రెండు పిల్లలు, ఇంకా తడి ఆరలే. ఆయన కండ్లు నీళ్ళ మీది నుంచి లేస్తలెవ్వు.

నాలుగేండ్లకు నాయిన నాతోని అన్న మొదటి మాట: "నేను ఎక్క."

తర్వాత: "వీటిని తీస్కపో. తల్లిని గుడ. నేను ఈడనే ఉంట."

నీళ్ళు దిబ్బను కొరుకుతున్నయి. చంద్రప్ప "జల్ది, జల్ది" అంటున్నడు. మా నాయిన తోడేలుకు ఎదురుపోయిన మనిషి. గింత చిన్నగ ఎన్నడు కనపడలే. ధైర్యం చెప్దామనుకున్న. నాకు లేంది ఎట్ల చెప్పాలె?

"నాయినా, నాకు గుడ మస్తు భయమైతున్నది" అన్న. "నా పక్కన కూసో. రా."

నా మొఖం దిక్కు చూసిండు. డబ్బా పట్టుకున్న నా చేతి దిక్కు చూసిండు. పిల్లలను నా ఒళ్ళె పెట్టి, నా భుజం పట్టుకోని ఎక్కిండు. గొర్రె ఆయనెంబడే దుంకింది. దారిపొడుగున ఆయన వేళ్ళు నా భుజంల దిగబడే ఉన్నయి. ఇప్పటికీ నలుపున్నది. నేను తోడుతనే ఉన్న. చంద్రప్పకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఈ ఒడ్డుకు వచ్చినంక ఇద్దరం ఒకే తాన కూలబడి కక్కుకున్నం.

జూలై 25. బుధవారం

నాయిన మా ఇంట్లనే ఉన్నడు! గొర్రె, పిల్లలు వంటింట్ల పొయ్యి కాడ. జంగమ్మ ఇల్లంత పెంటికలు ఊడుస్తున్నది.

అన్నం కాడ నాయిన అడిగిండు: "ఊరంత నువ్వే నడిపినవంటున్నరు."

"లేదు. నీళ్ళు తోడిన."

రొట్టె ఇంకో ముక్క తుంచుకున్నడు. "మంచిగ తోడినవు" అన్నడు.

నేను ఇంకో రొట్టె అడిగిన.

ఆగస్టు 5. ఆదివారం

రెండు వారాలైంది. నాయిన పోతలేడు. రోజు పొద్దుగాల ఒడ్డు దాక పోయి వస్తడు. "ఇంక తగ్గలే" అంటడు. మేం గుడ "తగ్గలే" అంటున్నం.

ఇయ్యాల పొద్దుగాల అమ్మ దిగింది! నడుచుకుంట వచ్చింది. చీర అంచు పిక్కల దాక తడిసింది, గంతే. "మూడు దినాల సంది అందరు నడిచే దాటుతున్నరు. నీకు ఏ వరద వచ్చింది?" అని నాయిన మీద లేచింది.

నాయిన ఇంటి కప్పు దిక్కు చూసిండు. నేను గుడ అదే దిక్కు చూసిన. అక్కడ ఏం లేదు.

నాయిన రుమాలు తీసి దులుపుకున్నడు. "పుట్టి నేర్సుకుంటున్నం. నేను, వీడు. ఎట్ల నడుస్తదో తెలిస్తె భయం పోతది. అందుకే ఆగిన."

ఈ ముచ్చట నేను మొదటిసారి ఇంటున్న. అయినా తలూపిన.

"ఎన్నడు మొదలు?" అన్నది అమ్మ.

"ఇయ్యాలనే" అన్నడు.

జంగమ్మ అమ్మను లోపలికి తీస్కపోయి, పోతపోత మా ఇద్దరి దిక్కు తిరిగింది. "మసాలా నూరాల్నా, వద్దా? ఉన్నదున్నట్టు చెప్పున్రి."

"ఇయ్యాల వద్దు" అన్న.

నాయిన తలకు రుమాలు చుట్టుకోని వాకిట్ల నిలబడ్డడు. రెండుసార్లు పిలిచిండు. మూడోసారి పిలిపిచ్చుకోను. ఇయ్యాల్టి సంది మల్ల సురువు!