గోధుమరంగు కొవ్వు, కార్తీక స్నానం

తిరువూరు, 30-10-76

చిరంజీవి తమ్ముడు భాస్కరానికి అక్క మాణిక్యమ్మ దీవెనలు. నెమలి ఊళ్లో వెలసిన వేణుగోపాలుడు నిన్ను చల్లగా చూడాలి.

మరదలు పురిటికి వెళ్తూ నా దగ్గర వదిలిన నీ కూతురు ప్రమీల కులాసా. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ సూది వేస్తున్నాను.

వీపులో గోధుమరంగు కొవ్వు ఉంటుందనీ, చలి తగిలితే అది చక్కెరని కాల్చి వేడి పుట్టిస్తుందనీ, సూది మీద బతికేవాళ్లలో అదేం చేస్తుందో ఎలుకల్లో చూస్తున్నాననీ రాశావు. పురాణానికి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాను. కార్తీకం కదా, ప్రమీల పేర చన్నీళ్ల స్నానాలు మొదలయ్యాయి. ఎల్లుండి సోమవారం ఉపవాసం కూడా.

తా.క.: నీ ఎలుకలది ఏ గోత్రమని పక్కింటి సుబ్బాయమ్మ అడుగుతోంది.

హైదరాబాదు, 3-11-76

అక్కయ్యకి భాస్కరం నమస్కారాలు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. సూది వేసి అన్నం పెట్టకపోతే చక్కెర పడిపోయి పిల్ల స్పృహ తప్పుతుంది. అన్నం లేదని సూది మానేస్తే ఇంకా ప్రమాదం. ఆ కొవ్వు సూదికి బదులు కాదు. ఇన్సులిన్ లేకపోతే అదీ సరిగ్గా పనిచెయ్యదని మా ఎలుకలు చెబుతున్నాయి. అన్నీ ఆపించు. తిరుగుటపాలో రాయి.

తా.క.: ఎలుకలకి గోత్రాల్లేవు. నంబర్లున్నాయి.

తిరువూరు, 4-11-76

భాస్కరానికి, శుభం.

నీ జవాబు ఇంకా అందలేదు. సోమవారం ఉపవాసం నిర్విఘ్నంగా జరిగింది. చుక్క చూశాకే భోజనం. తెల్లవారుజామున స్నానమయ్యాక ఒకటే వణుకు. నేను సూది వెయ్యలేకపోయాను. వీపులో వేడి పుట్టిన జాడ లేదు. దేవుడున్నాడు.

తా.క.: రెండు కంబళ్లు చాల్లేదు. సుబ్బాయమ్మ మూడోది తెస్తానని వెళ్లి, అది కప్పుకుని పడుకుంది.

హైదరాబాదు, 7-11-76

అక్కయ్యా,

సెలవు శనివారానికి గానీ దొరకలేదు. వచ్చి నా బిడ్డని తీసుకెళ్లిపోతాను. నీకు అప్పగించడం నాదే తప్పు. అప్పటిదాకా ఊళ్లో డాక్టరు దగ్గర ఉంచు.

భాస్కరరావు

తా.క.: నీ మీద కోపం లేదు. ఉంది.

తిరువూరు, 10-11-76

భాస్కరానికి అక్క దీవెనలు, ఎప్పటిలాగే.

నీ ఉత్తరాలు రెండూ ఇవాళే అందాయి. చన్నీళ్లు పోసుకున్నదీ నేనే, పస్తున్నదీ నేనే. చెయ్యలేని పిల్ల పేర సంకల్పం చెప్పుకుని పెద్దవాళ్లు చెయ్యడం మనింట్లో ఉన్నదే. ఎలుకల మధ్య మరిచిపోయినట్టున్నావు. ప్రమీలకి వేణ్ణీళ్లు, వేళకి అన్నం, వేళకి సూది.

వణికింది నేను. మరగబెట్టిన సిరంజీ నా చేతిలో నిలవడం లేదు. పిల్ల కాసేపు చూసి, "ఇలా ఇవ్వత్తా, నువ్వు పొడిస్తే గోడకి తగిలేట్టుంది" అంది. మందు కొలుచుకుని తొడలో తనే వేసుకుంది. అప్పట్నించీ నన్ను ముట్టనివ్వడం లేదు.

శనివారం రా. తీసుకెళ్లాలంటే దాన్నే అడుగు.

తా.క.: సూది వేళకి నాన్న గోడవైపు తిరిగి నిలబడతాడని చెప్పింది. ఈసారి ఎదురుగా కూర్చోవాలట.